వరస కలిపిన దొంగ

అనగనగా ఒక సముద్రం. సముద్రమన్నాక ఒడ్డు ఉండాలి కదా, ఆ ఒడ్డున ఒక పల్లె. దాని పేరు ఆలుచిప్పల రేవు. అక్కడి జనం పడవలు వేసుకుని లోపలికి పోయి, ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి, అడుగునున్న ఆలుచిప్పలు ఏరుకొచ్చి ముత్యాలు తీసేవారు. ముత్యాలు తీసేవాళ్లు కదా, బంగారు పళ్లాల్లో తినేవారనుకునేరు! పొద్దున గంజి, సాయంత్రం చేపల పులుసు. అయినా నవ్వుకుంటూ బతికేవారు.

ఆ పల్లెలో తెడ్ల సింగన్న అనే పెద్దమనిషి ఉండేవాడు. జాగ్రత్తకు ఆయన పెట్టింది పేరు. ఇంటి తలుపుకు గడియ వేసేవాడు. వేశాక లాగి చూసేవాడు. నాలుగడుగులు వేసి, అనుమానం వచ్చి, వెనక్కి తిరిగొచ్చి మళ్లీ లాగి చూసేవాడు. ఆ లాగుడుకే ఒకసారి గడియ ఊడి చేతికొచ్చింది.

ఇక నడుము దగ్గర, పంచె మడతలో, రొంటిన ఏదైనా దోపుకున్నాడంటే చూడాలి ఆయన అవస్థ! కుడిచెయ్యి మాటిమాటికీ అక్కడికి పోయేది. నడుస్తూ తడుముకునేవాడు, మాట్లాడుతూ తడుముకునేవాడు, నిద్రలో కూడా తడుముకునేవాడు. ఆయన భార్య నూకాలమ్మ నవ్వేది.

"నువ్వు దాస్తావు, నీ చెయ్యి చాటింపు వేస్తుంది. ఏం జాగ్రత్తయ్యా ఇది?" అనేది.

"నా జాగ్రత్త నాది. నీకేం తెలుసు?" అని సింగన్న మూతి ముడుచుకునేవాడు.

ఇలా ఉండగా ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. ఒడ్డున కట్టేసిన పడవలన్నిటినీ ఎత్తి రాళ్లకేసి కొట్టింది. తెల్లారి చూస్తే పల్లెలో ఒక్క పడవ మిగల్లేదు. పడవ లేకపోతే ముత్యాలూ లేవు, చేపలూ లేవు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు పల్లె పెద్ద గంగులు ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్లు పెట్టె అడుగున దాచుకున్న ముత్యాలన్నీ అడిగి తెచ్చాడు. అన్నీ కలిపితే చిన్న పట్టు సంచికి సరిపోయాయి. ఆ సంచిని సింగన్న చేతిలో పెట్టాడు.

"సింగన్నా! సముద్రం అవతల కెంపుదీవి ఉంది. అక్కడ అడవుల నిండా టేకు చెట్లే. దుంగల వర్తకుడికి ఈ ముత్యాలిచ్చి, పడవలు చేసుకోవడానికి దుంగలు పట్టుకురా. నీ అంత జాగ్రత్తపరుడు మనలో లేడు కనుక నీకిస్తున్నాం. ఇవి పోయాయో, పల్లె పల్లెంతా గట్టు మీద కూర్చుని అలలు లెక్కపెట్టుకోవాల్సిందే."

సింగన్న సంచి కళ్లకద్దుకుని రొంటిన దోపుకున్నాడు. వెంటనే ఒకసారి తడుముకున్నాడు. అది చూసి నూకాలమ్మ, "నేనూ వస్తాను" అంది. "నీతో పాటు నీ చేతికి కూడా కాపలా కావాలి" అంది.

అటుగా కెంపుదీవికి పోయే సరుకుల ఓడ ఎక్కేటప్పుడు నూకాలమ్మ ఒక బియ్యం మూట, ఒక ఆవకాయ జాడీ తెచ్చుకుంది. పరదేశం పోయే తెలుగువాళ్లు దేవుడి పటం మరిచిపోతారేమో గానీ ఆవకాయ మరిచిపోరు కదా!

గాలి అనుకూలించి ఓడ కెంపుదీవి చేరింది. దిగబోతుంటే ఓడ నడిపే సరంగు సింగన్నను పిలిచి చెప్పాడు. "అన్నా, ఈ రేవు దొంగలు మామూలువాళ్లు కారు. కంటికి కాటుక పెట్టుకుంటే, కంటికి తెలియకుండా కాటుక కొట్టేస్తారు. పైలం!"

అంతే, సింగన్న చెయ్యి రొంటికి పోయింది.

ఆ సరంగు చేతే విచారిస్తే, దుంగల వర్తకుడు అడవికి వెళ్లాడనీ, పున్నమికి గానీ రాడనీ తెలిసింది. అప్పటిదాకా ఆగక తప్పదు. రేవు పక్కనే ఒక సత్రం ఉంటే అందులో దిగారు.

మర్నాడు ఇద్దరూ సంత చూడబోయారు. ఏం సంత అది! పచ్చని చిలకలు ఒకవైపు, ఎర్రని పళ్లు ఒకవైపు, డోలు మోగించేవాళ్లు, కత్తులు మింగేవాళ్లు! నూకాలమ్మ అన్నీ నోరు తెరుచుకుని చూసింది. సింగన్న మాత్రం ఏమీ చూడలేదు. ఆయనకు కనిపించిందల్లా జనం. ఎవడు దగ్గరికొచ్చినా రొంటి తడుముకున్నాడు. ఎవడు దూరంగా పోయినా తడుముకున్నాడు.

ఇంతలో ఒకడు బుట్ట నెత్తిన పెట్టుకుని హడావిడిగా వచ్చి సింగన్నను ఢీకొన్నాడు. ఏదో అని దణ్ణం పెట్టి, జనంలో కలిసిపోయాడు. సింగన్న అలవాటుగా రొంటి తడుముకున్నాడు. అక్కడ సంచి లేదు, పంచె మడత చక్కగా కోసి ఉంది!

"నూకాలూ! కొంప మునిగింది!" అని అక్కడే కూలబడ్డాడు.

నూకాలమ్మ వంగి, ఆ మడతలో వేలు పెట్టి వెతికింది. కోసిన మడత కింద ఇంకో మడత. ఆ మడతలో పట్టు సంచి పదిలంగా ఉంది. పోయింది పైనున్న వక్కల సంచి!

"నువ్వు పొద్దుట్నుంచీ తడిమింది ముత్యాల్ని కాదు, వక్కల్ని. దొంగ నీ చేతినే నమ్మాడు, పాపం" అని నూకాలమ్మ పకపకా నవ్వింది.

సింగన్నకు నవ్వు రాలేదు. ఆ రోజంతా ఆలోచించాడు. 'రొంటి పనికిరాదు. తల కన్నా భద్రమైన చోటు లేదు' అనుకుని, సంచిని తలపాగా మడతల్లో పెట్టి బిగించి చుట్టుకున్నాడు.

"ఈసారి చెయ్యి పెట్టను. చూస్తూ ఉండు" అన్నాడు భార్యతో.

అన్నట్టే చెయ్యి పెట్టలేదు. కానీ మెడ తిప్పడం మానేశాడు. వీధిలో పోతుంటే నెత్తిన నిండుకుండ ఉన్నవాడిలా నిటారుగా, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. ఎవరైనా పిలిస్తే తల తిప్పకుండా మనిషంతా తిరిగేవాడు. గుమ్మం వస్తే మోకాళ్లు వంచి, తల వంచకుండా దూరేవాడు. కెంపుదీవి పిల్లలు ఆయన వెనక వరసకట్టి అలాగే నడుస్తూ నవ్వుకున్నారు.

అప్పుడు జనంలోంచి ఒక గొంతు గట్టిగా వినిపించింది.

"బాబోయ్! పెద్దాయనా! తలపాగా మీద బల్లి పడింది!"

తల మీద బల్లి పడితే ఏమవుతుందో మనవాళ్లకు చెప్పాలా? సింగన్న పై ప్రాణాలు పైనే పోయాయి. జాగ్రత్త మరిచాడు, ముత్యాలు మరిచాడు, పల్లెను మరిచాడు. "ఛీ! ఛీ!" అని తలపాగా ఊడబెరికి గిరాటేశాడు. అది గాలిలో విప్పుకుంటూ పోయింది. ఎవడో ఎగిరి అందుకుని సందులోకి దూరాడు.

సింగన్న బోడితల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు గానీ ఆయనకు తలపాగాలో ఏముందో గుర్తుకు రాలేదు.

"నూకాలూ..." అన్నాడు ఏడుపు గొంతుతో.

"అరవకు" అంది నూకాలమ్మ నెమ్మదిగా. ఆమె నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. కాస్త ఆగి, పాదం ఎత్తింది. పాదం కింద పట్టు సంచి! తలపాగా విప్పుకుంటున్నప్పుడే అది జారి పడింది, ఆమె టక్కున కాలు వేసింది.

సత్రానికి తిరిగొస్తూ నూకాలమ్మ అడిగింది. "అది సరేనయ్యా, బల్లి అని అరిచిందెవరు? ఈ దీవిలో బల్లిని ఏమంటారో నాకు తెలీదు. బల్లి అని మాత్రం అనరు కదా?"

"ఎవడైతేనేం? మన భాష తెలిసిన పుణ్యాత్ముడు. ముందుగా హెచ్చరించాడు" అన్నాడు సింగన్న. పోయి తలంటు పోసుకుని, బల్లి దోషం పోవాలని దీపం కూడా పెట్టాడు. మంచివాడు పాపం, ఏం చేస్తాం!

మళ్లీ ఆలోచన మొదలైంది. రొంటి పనికిరాలేదు, తల పనికిరాలేదు. సింగన్న కళ్లు సత్రం గదంతా తిరిగి తిరిగి మూలనున్న ఆవకాయ జాడీ మీద ఆగాయి. ఈ దీవి వాళ్లు కారం తినరు. జాడీ మూత తీస్తే చాలు, పక్కగది వాళ్లు తుమ్ముకుంటూ బయటికి పరుగెత్తేవారు. ఇంక దాని జోలికి ఏ దొంగ వస్తాడు?

"ముత్యాలకు పులుపు పడదయ్యా, పాడైపోతాయి" అంది నూకాలమ్మ.

"ఆ మాత్రం నాకు తెలీదా?" అని సింగన్న ముత్యాల్ని బొటనవేలంత వెదురు గొట్టంలో పోసి, మూతికి లక్క కరిగించి బిగించాడు. దాన్ని ఆవకాయ అడుగుకు దించాడు. ఇక ఇంద్రుడు దిగొచ్చినా కనిపెట్టలేడని మురిసిపోయాడు.

మురిసిపోయి ఊరుకుంటే కథ ఇక్కడితో అయిపోయేది. ఊరుకోలేదు. పూటపూటా మూత తీసి చూసేవాడు. ఎండ తగులుతుందని నీడకు జరిపేవాడు, నీడలో ఎవరో చూశారని లోపలికి మోసేవాడు. నూకాలమ్మ వడ్డించబోతే, "పైపైన తియ్యి! అడుగు కలపకు!" అని కేకలేసేవాడు. గిన్నెలు తోమడానికి ఆమె బావికి వెళితే, పసిబిడ్డను పెట్టుకున్నట్టు జాడీని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు.

అలా కూర్చున్న ఒకరోజు, వీధిలోంచి ఎవరో పలకరించారు.

"బాబూ, మీరు తెలుగువాళ్లా?"

సింగన్న ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా ఒక మనిషి. ఈ దీవి వాళ్లలాగే తాటాకు టోపీ, పూల లుంగీ. కానీ నోట్లో ఎంత తియ్యని తెలుగు! దీవికి వచ్చిన దగ్గర్నుంచీ సింగన్నకు సైగలతోనే సరిపోయింది. ఉప్పు అడిగితే సున్నం ఇచ్చారు, నీళ్లు అడిగితే కొబ్బరిపీచు ఇచ్చారు. అలాంటిది చెవిలో తేనె పోసినట్టు ఆ మాట పడేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

మనవాళ్లకో అలవాటుంది. ఇద్దరు తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా, అడవిలో పులి తరుముతున్నా సరే, ముందు ఊరు అడుగుతారు. తర్వాత ఇంటిపేరు అడుగుతారు. తర్వాత వరస కలుపుతారు. వరస కుదిరాక పులి సంగతి చూసుకుంటారు.

"మాది ఆలుచిప్పల రేవు. ఇంటిపేరు తెడ్ల. సింగన్న అంటారు" అన్నాడు సింగన్న.

"తెడ్లవారా!" ఆ మనిషి గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "మా అమ్మ తెడ్లవారి ఆడపడుచే! అయితే మీరు నాకు మేనమామ! మావయ్యా, నా పేరు పైడిరాజు. చిన్నప్పుడు ఓడెక్కి ఇక్కడికొచ్చి పడ్డాను. ఇన్నాళ్లకు నావాళ్లు కనిపించారు!"

"మొన్న బల్లి పడిందని చెప్పింది నువ్వేనా నాయనా?"

"నేనే మావయ్యా! దోషం తగలకూడదని అరిచాను."

"నేననుకుంటూనే ఉన్నాను! రా, రా, మేనల్లుడివి వీధిలో నిలబడతావా?" అని సింగన్న చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. చంకలో జాడీ మాత్రం వదల్లేదు.

పైడిరాజు కళ్లు ఆ జాడీ మీద పడ్డాయి. ముక్కు ఎగరేశాడు. గొంతు మారిపోయింది.

"మావయ్యా... అది... ఆవకాయా?"

"అవును. కానీ దీన్ని..." అని సింగన్న జాడీని ఇంకో చంకకు మార్చుకున్నాడు.

అప్పుడే నూకాలమ్మ బావి నుంచి వచ్చింది. సింగన్న మేనల్లుడి సంగతి గర్వంగా చెప్పి, భోజనం పెట్టమన్నాడు. ఇంటికొచ్చిన మనిషికి అన్నం లేదనడం ఆమెకు తెలియదు. మొగుడి చంకలోని జాడీ లాక్కుని వంటగది మూలన పెట్టి, ఆకు వేసింది. పైడిరాజు వంటగది గుమ్మం దగ్గరే చేరి, కబుర్లు మొదలెట్టాడు. కబుర్లు ఆమెతోనే గానీ చూపులు జాడీతో.

"మీ పుట్టింటివారెవరమ్మా?" అన్నాడు.

"చుక్కానివారు" అంది నూకాలమ్మ.

"చుక్కానివారా! మా అమ్మ చుక్కానివారి ఆడపడుచే! అయితే నువ్వు నాకు పిన్నివి. పిన్నీ, ఇంకాస్త ఆవకాయ వెయ్యవూ?"

నూకాలమ్మ గరిటె ఆగింది. ఇంకాస్త వేసింది.

"పైపైన తియ్యి! అడుగు కలపకు!" అని సింగన్న అటునుంచి కేక పెట్టాడు.

పైడిరాజు ఎర్రగా కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. అవి మాత్రం దొంగ కన్నీళ్లు కావు. తినడం అయ్యాక లేచి, "చెయ్యి కడుక్కొస్తాను మావయ్యా" అని వంటగది మీదుగా పెరట్లోకి పోయాడు.

నూకాలమ్మ వచ్చి భర్త ఎదురుగా నిలబడింది. "నిన్నేమని పిలిచాడు?"

"మావయ్య అన్నాడు. వాళ్లమ్మ తెడ్లవారి ఆడపడుచు."

"నన్ను పిన్నీ అన్నాడు. వాళ్లమ్మ చుక్కానివారి ఆడపడుచట."

"అయితే?"

"అయితే ఏంటయ్యా? ఒక్క అమ్మకు రెండు పుట్టిళ్లా? నువ్వు వాడికి మేనమామవీ, నేను వాడికి పిన్నినీ అయితే, మనిద్దరం అన్నాచెల్లెళ్లం అయ్యాం. శుభం!"

సింగన్న వేళ్ల మీద వరస లెక్క కట్టాడు. మళ్లీ కట్టాడు. ముఖం పాలిపోయింది. ఇద్దరూ ఒక్కసారిగా వంటగదిలోకి పరుగెత్తారు. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. మూలన జాడీ లేదు.

ఈసారి మడత కింద మడత లేదు, పాదం కింద సంచి లేదు. నిజంగానే పోయాయి. సింగన్న నేల మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. గంగులు ముఖం, ఖాళీ ఒడ్డు, ఆకలికి ఏడ్చే పిల్లలు, అన్నీ ఆయన కళ్ల ముందు కదిలాయి.

"నా జాగ్రత్తే నన్ను ముంచింది. ఏ ముఖం పెట్టుకుని పల్లెకు పోను? నన్ను నమ్మి ఇచ్చారే!" అన్నాడు.

నూకాలమ్మకూ కళ్లు చెమ్మగిల్లాయి. కొంగుతో తుడుచుకుని, భర్త పక్కన కూర్చుంది. "ఏడవకు. ఒక్కటి చెప్పు. జాడీలో ముత్యాలున్నాయని వాడికి తెలుసా?"

"నేను చెప్పలేదు."

"మరి ఎందుకు ఎత్తుకుపోయాడు?"

సింగన్న ఏడుపు ఆపి ఆలోచించాడు. "నేను దాన్ని అంత అపురూపంగా చూసుకుంటుంటే, అదెంత మంచి ఆవకాయో అనుకుని ఉంటాడు."

"అదీ! వాడు ముత్యాల కోసం పోలేదు, ఆవకాయ కోసం పోయాడు. మరి ఇన్నేళ్లకు జాడీడు ఆవకాయ దొరికిన తెలుగువాడు ముందు ఎక్కడికి పోతాడు?"

సింగన్న లేచి నిలబడ్డాడు. "అన్నం దొరికే చోటికి!"

రేవులో అన్నాల వీధి ఒకటుంది. ఓడలవాళ్లందరికీ అక్కడే భోజనం. ఇద్దరూ ఆయాసపడుతూ అక్కడికి చేరారు. చూస్తే బల్లల నిండా జనం. అందరికీ అవే తాటాకు టోపీలు, అవే పూల లుంగీలు. అందరూ తలలు వంచుకుని తింటున్నారు. ఒక్కొక్కడి టోపీ ఎత్తి చూస్తే ఊరుకుంటారా? ఎత్తేలోపు దొంగ పారిపోడూ?

నూకాలమ్మ భర్తను ఆ చివర నిలబెట్టి, తాను ఈ చివర ఒక పీట ఎక్కింది. కొంగు బిగించి, అచ్చమైన తెలుగులో, పల్లెలో పడవలవాళ్లను పిలిచేంత గొంతుతో అరిచింది.

"ఓరి ఆవకాయ దొంగా! మూతికి నూనె అంటింది, తుడుచుకోరా!"

వీధిలో జనమంతా తలెత్తి ఆమెను వింతగా చూశారు. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక్కడు మాత్రం తలెత్తలేదు. తలెత్తకుండా, గబుక్కున ఒక గుడ్డ తీసి మూతి తుడుచుకున్నాడు! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు! ఆ గుడ్డ ఇంకేదో కాదు, సింగన్న తలపాగా.

సింగన్న ఒక్క దూకు దూకి వాడి మణికట్టు పట్టుకున్నాడు. రాత్రీ పగలూ తడిమి తడిమి అలవాటైన చెయ్యి అది, ఉడుములా పట్టింది.

పైడిరాజు మోకాళ్ల మధ్య, మూత బిగించిన జాడీ ఉంది. సింగన్న మూత తీసి అందులో చెయ్యి పెట్టాడు. అడుగు దాకా కెలికాడు. గొట్టం లేదు!

"ఇందులో ఉన్నది ఏం చేశావురా?" అని నూకాలమ్మ ఉరిమింది.

"ముక్కలు కొన్నే తిన్నానమ్మా, ఒట్టు! జాగ్రత్తగా వాడుకుందామనుకున్నాను."

"ముక్కలు కాదు, గట్టిగా, పొడుగ్గా..."

"అదా, టెంకా?" అని పైడిరాజు ఆకు అంచున చూపించాడు. "ఎంత కొరికినా లొంగలేదు. రేపు తీరిగ్గా చీకుదామని పక్కన పెట్టుకున్నాను."

ఆకు అంచున, ఎర్రటి నూనెలో మునిగి, వెదురు గొట్టం. లక్క మీద పంటి గాట్లు. మూత మాత్రం చెక్కుచెదరలేదు. సింగన్న దాన్ని గుండెకు హత్తుకున్నాడు. పంచెకు నూనె అంటినా పట్టించుకోలేదు.

"ఆవకాయ అడిగితే పెట్టేదాన్ని కదరా. దొంగతనం ఎందుకు?" అంది నూకాలమ్మ.

"అడిగితే ముక్క పెడతారు, జాడీ ఇవ్వరు కదమ్మా" అన్నాడు పైడిరాజు తలొంచుకుని.

ఈ గొడవకు రేవు భటుడు రానే వచ్చాడు. కర్ర నేలకు తాటించి, తన భాషలో ఏదో గద్దించి అడిగాడు. సింగన్న నూకాలమ్మను చూశాడు. నూకాలమ్మ పైడిరాజును చూసింది.

"ఏమంటున్నాడురా?"

"ఇక్కడ గోలేమిటని అడుగుతున్నాడమ్మా."

"దొంగ దొరికాడని చెప్పు."

"నేనే చెప్పాలా అమ్మా?"

"మాకు భాష రాదు కదరా మరి!"

పైడిరాజు నోరు తెరిచాడు, మూశాడు. మూతికి ఇంకా నూనె ఉంది. వాడి ముఖం చూస్తుంటే నూకాలమ్మకు కోపం నిలవలేదు. ఏ తల్లి కన్నబిడ్డో, ఒక్క ఆవకాయ ముక్కకు కన్నీళ్లు పెట్టుకున్నాడు అనుకుంది.

"సరేలే" అంది. "చుట్టం దొరికాడని చెప్పు."

పైడిరాజు ఆ మాట భటుడికి చెప్పాడు. భటుడు నవ్వి, ముగ్గురికీ తల ఊపి వెళ్లిపోయాడు. పైడిరాజు అక్కడే బల్లకు తల ఆనించి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, అడగకుండానే లుంగీ మడతలోంచి వక్కల సంచి తీసి సింగన్న ముందు పెట్టాడు.

"దుంగలతో ఓడ పోయేటప్పుడు నన్నూ తీసుకుపోండమ్మా. తెడ్డు వేస్తాను, చాకిరీ చేస్తాను, ఏదైనా చేస్తాను."

"ముందు వర్తకుడితో మా బేరం తెలుగులోంచి వాళ్ల భాషలోకి మార్చు. తర్వాత చూద్దాం" అంది నూకాలమ్మ.

పున్నమి రానే వచ్చింది, వర్తకుడూ వచ్చాడు. పైడిరాజు దారి చూపిస్తూ ముందు నడిచాడు. సింగన్న భార్య చెవిలో గుసగుసలాడాడు. "దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టుందే మన పని?"

"ముత్యాలు ఎక్కడున్నాయో వాడికి చెప్పామా?"

"లేదు. రొంటిలోనే ఉన్నాయి."

"మంచి చోటే. దాచిన చోటులో ఏ తప్పూ లేదయ్యా, నీ చేతిలోనే ఉంది తప్పంతా."

వర్తకుడి దగ్గరికి పోవాలంటే సంత మధ్యలోంచే పోవాలి. అదే జనం, అవే తోపులాటలు. సింగన్న నుదుట చెమట పట్టింది. కుడిచెయ్యి దురద పెట్టింది. దాన్ని వెనక్కి కట్టుకున్నాడు, ముందుకొచ్చింది. చంకలో పెట్టుకున్నాడు, జారింది. నెమ్మదిగా, పిల్లి నడిచినట్టు, రొంటి వైపు బయల్దేరింది.

"ఆ చెయ్యి ఇటివ్వు" అంది నూకాలమ్మ.

"ఎందుకే?"

"ఇవ్వమంటే!"

అని ఆ చెయ్యి లాగి తన చేతిలో పెట్టుకుంది. సంత మధ్యలో, వందమంది చూస్తుండగా! సింగన్న చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని, కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ నడిచాడు. దారిలో ఎందరో ఎదురయ్యారు, కొందరు రాసుకుంటూ పోయారు కూడా. ముసలి మొగుడూ పెళ్లాలు చేతులు పట్టుకుని ఊరు చూడబోతున్నారనుకున్నారే తప్ప, ఆ పంచె మడతలో ఒక పల్లె బతుకు ఉందని ఒక్కడికీ తోచలేదు.

వర్తకుడు ముత్యాలు చూసి మెచ్చి, నచ్చిన దుంగలు ఏరుకోమన్నాడు. ఏరిన దుంగలన్నీ ఓడకెక్కాయి. వాటితో పాటు పైడిరాజూ ఎక్కాడు. దుంగలు ఎక్కేదాకా నూకాలమ్మ మొగుడి చెయ్యి వదల్లేదు. ఎక్కాక కూడా వదల్లేదని సరంగు అందరికీ చెప్పి నవ్వాడు. ఆ ఏడు వానలు వెలిసేసరికి ఆలుచిప్పల రేవులో కొత్త పడవలు నీళ్లలోకి దిగాయి, పిల్లలు ఒడ్డున కేరింతలు కొట్టారు.

అందుకే పిల్లలూ, పరాయి ఊరు పోయేటప్పుడు సొమ్మును దాచుకుంటే చాలదు, సొమ్ము ఉందన్న సంగతిని కూడా దాచుకోవాలి.